జామాయిల్ మూడో కోతకు కర్ర తగ్గింది: నేల సారం ఎటు పోతోంది?

పాలేరు రైతు (ఖమ్మం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ఎర్ర చల్క, అక్కడక్కడ గరుసు. అందులో క్లోన్ జామాయిల్ వేశాం. మొదటి కోత బాగా వచ్చింది. మోడుల మీద పిలకలు పెంచి తీసిన రెండో కోతా పరవాలేదు. మూడో కోతకు వచ్చేసరికి కాటా దగ్గర కర్ర మూడో వంతు పడిపోయింది. వానలు మరీ అన్యాయం చేసిన ఏళ్లు కూడా కావు.

ఊళ్లో పెద్దలేమో జామాయిల్ నేలను పీల్చేస్తుంది, ఇక ఆ పొలంలో ఏదీ పండదు అంటున్నారు. ఎరువుల కొట్టులో అడిగితే డీఏపీ వేయమంటున్నారు. నాకు తెలియవలసింది ఒక్కటే. చెట్టు నేల నుంచి ఏమి తీసుకుంటుంది, అందులో ఎంత తిరిగి నేలకు ఇస్తుంది, లారీ ఎక్కి వెళ్లిపోయేది ఎంత? కోత అయ్యాక ఆకు, చిల్ల కుప్పలు వేసి కాల్చడం మా వైపు ఆనవాయితీ. దానికీ దీనికీ సంబంధం ఉందా?

వనశాస్త్రి

నేలను అనే ముందు మోడులు లెక్కపెట్టండి. పిలక పంటలో దిగుబడి తగ్గడానికి మొదటి కారణం చాలాసార్లు చచ్చిపోయిన మోడులే. 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంలో వేసి ఉంటే ఎకరానికి 670 దాకా మొక్కలు ఉండాలి. అందులో ఇప్పుడు పిలక వేసినవి ఎన్ని? చచ్చిన మోడులు తోటంతా చెదురుమదురుగా ఉన్నాయా, ఒకచోట గుంపుగా ఉన్నాయా? అది చూసి చెప్పండి.

ఇక మీ అసలు ప్రశ్న. చెట్టు బరువులో పొడి పదార్థాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుందాం, ఎందుకంటే పచ్చి కర్రలో ఇంచుమించు సగం నీరే. ఆ పొడి పదార్థంలో సగానికి కొంచెం తక్కువ కర్బనం. అది గాలి నుంచి వచ్చింది, దాని గురించి బెంగ అక్కరలేదు. నేల నుంచి వచ్చినవి నత్రజని, భాస్వరం, పొటాష్, కాల్షియం, మెగ్నీషియం, ఇంకా జింకు, బోరాన్ లాంటివి. బరువులో ఇవి చాలా తక్కువ, కానీ చెట్టంతా ఒకేలా పరుచుకుని ఉండవు. కర్రలో అతి పలుచగా ఉంటాయి. ఆకులో చిక్కగా ఉంటాయి. జామాయిల్ బెరడులో కాల్షియం పేరుకుపోయి ఉంటుంది. నాలుగైదేళ్ల తోటలో కాండమే బరువులో ముప్పాతిక దాకా ఉంటుంది. అయినా పోషకాల్లో దాని వాటా అంత ఉండదు.

లేత తోటలో ఈ లెక్క తిరగబడుతుంది. మొదటి ఏడాది, రెండో ఏడాది చెట్టు ముందు ఆకు, కొమ్మ, సన్నవేర్లు కట్టుకుంటుంది. నేల మీద దాని ఆకలి అంతా అప్పుడే. కొమ్మలు ఒకదానికొకటి తగిలి తోట మూసుకున్నాక ఆకు బరువు పెద్దగా పెరగదు, ఆ తరువాత పెరిగేది కర్ర. పైగా అప్పటికి రాలిన ఆకు కుళ్లి మళ్లీ వేళ్లకు అందడం మొదలవుతుంది. అందుకే నాలుగో ఏట డీఏపీ వేస్తే పెద్దగా ఫలితం కనబడదు. వేయదలచుకుంటే మొదటి రెండు వర్షాకాలాల్లోనే.

లెక్కల మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్తుపల్లి)

వనశాస్త్రి గారూ, శాతాలు చెప్పండి, లెక్క నేను కడతాను. మాటల్లో చెబితే రైతుకు ఏమి తెలుస్తుంది?

వనశాస్త్రి

సరే మాస్టారూ. నేల, క్లోన్, వయసును బట్టి మారతాయి కాబట్టి ఇవి నడిమి అంకెలు అనుకోండి. పొడి బరువులో నత్రజని: కర్రలో 0.15 శాతం, బెరడులో 0.4, సన్న కొమ్మల్లో 0.4, పచ్చి ఆకులో 1.8. కాల్షియం కర్రలో 0.1 శాతం, బెరడులో 1.5. ఎకరానికి బెరడు తీసిన పచ్చి కర్ర 40 టన్నులు అనుకుంటే పొడి కర్ర 20 టన్నులు. బెరడు 2.5, కొమ్మ చిల్ల 2, ఆకు 1.2 టన్నులు వేసుకోండి.

లెక్కల మాస్టారు

నత్రజని: కర్రలో 30 కిలోలు. బెరడులో 10, కొమ్మల్లో 8, ఆకులో 22, ఈ మూడూ కలిపి 40.

అంటే మొత్తం బరువులో నాలుగో వంతుకు కూడా రాని తుక్కులో నత్రజని సగానికి మించి ఉంది. యూరియాలో 46 శాతం నత్రజని, కాబట్టి ఆ 40 కిలోలు దాదాపు 87 కిలోల యూరియాకు సమానం. ఇప్పుడొచ్చే 45 కిలోల బస్తాలైతే రెండింటికి కాస్త తక్కువ.

కాల్షియం: కర్ర మొత్తంలో 20 కిలోలు, బెరడు ఒక్కదానిలో 37న్నర. ఎనిమిదో వంతు బరువున్న బెరడు, ఇరవై టన్నుల కర్ర కంటే దాదాపు రెట్టింపు సున్నం మోసుకుపోతోంది. నేనైతే ఇది ఊహించలేదు.

నందిగామ తోట (కృష్ణా తీరం)

అందుకే మేం సుబాబుల్‌కు మారాం. ఆకు రాల్చి నేలను బాగుచేసే చెట్టు. వేళ్లు తవ్వి చూస్తే శనగ గింజలంత బుడిపెలు, గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తున్నట్లే. ఎరువు కొనే పని లేదు. జామాయిల్ వేసి నేల పాడైందని ఏడవడం ఎందుకు?

వనశాస్త్రి

బుడిపెల మాట నిజం, గులాబీ రంగు పరీక్ష కూడా సరైనదే. లోపల ఆకుపచ్చగా, గోధుమ రంగుగా ఉంటే అవి పనిచేయడం లేదని అర్థం. కానీ సుబాబుల్ గాలి నుంచి తెచ్చేది నత్రజని ఒక్కటే. భాస్వరం, పొటాష్, కాల్షియం గాలిలో లేవు. వాటిని నేల నుంచే తీయాలి. సుబాబుల్ తొందరగా పెరుగుతుంది కాబట్టి తొందరగానే తీస్తుంది. పైగా ఆ బుడిపెలకు భాస్వరం ఎక్కువ కావాలి. భాస్వరం లేని నేలలో బుడిపెలే సరిగా కట్టవు. కోత తరువాత కోతకు కాల్షియం, పొటాష్ బయటికి పోతూ ఉంటే ఎర్ర నేల మెల్లగా పులిసిపోతుంది, అంటే ఆమ్లగుణం పెరుగుతుంది. మీ నల్లరేగడిలో సున్నం ఎలాగూ ఎక్కువ, కాబట్టి మీకు అది ఇప్పట్లో తెలియదు. పాలేరు చల్కకూ మీ రేగడికీ ఒకే సలహా పనికిరాదు.

సుబాబుల్ ఆకు తొందరగా కుళ్లే మాట మాత్రం ఒప్పుకుంటాను. నత్రజని ఎక్కువ, బిరుసు తక్కువ. జామాయిల్ ఆకులో నూనెలు, వగరు పదార్థాలు ఉంటాయి. చెదలు, శిలీంధ్రాలు దాని జోలికి అంత త్వరగా రావు. ఒక ఏడాది రాలిన ఆకు తరువాతి ఏడాదికి కూడా చాలావరకు చాపలా పరుచుకునే ఉంటుంది.

నందిగామ తోట

రేగడి సంగతి సరే. గింజ రాలి పక్క చేలంతా మొలకలే మొలకలు, అది మాత్రం మాకు పెద్ద తలనొప్పి. అది వేరే చర్చ.

ఇసుకతిన్నె (ప్రకాశం జిల్లా తీరం)

మా సరుగుడు సంగతి కూడా చెప్పండి. మాది ఒట్టి ఇసుక. సరుగుడు వేళ్లకూ బుడిపెలు ఉంటాయి, కానీ నందిగామ వారు చెప్పినట్లు గింజల్లా కాదు, పగడపు కొమ్మల్లా గుత్తులు గుత్తులుగా, పిడికిలంత పెరుగుతాయి. తోటలో రాలిన ఆకును మా వైపు ఆడవాళ్లు చీపుళ్లతో ఊడ్చి గోనెల్లో కట్టి పొయ్యిలోకి పట్టుకుపోతారు. ఇప్పుడు గ్యాసు వచ్చి కొంత తగ్గింది కానీ, ఇటుక బట్టీల వాళ్లు కొంటున్నారు. ఊడ్చని తోటలో అడుగు పెడితే కాలు దిగబడేంత మెత్తగా ఉంటుంది. ఊడ్చిన తోటలో ఇసుక తెల్లగా మెరుస్తుంది. పెరుగుదలలో తేడా నాకు కంటికే కనబడుతోంది. ఇది నా భ్రమా, నిజమా?

వనశాస్త్రి

భ్రమ కాదు. ఈ పేజీలో అందరికంటే గట్టి ఉదాహరణ మీదే.

సరుగుడు బుడిపెల్లో ఉండేది చిక్కుడు జాతి చెట్లలో ఉండే రైజోబియం కాదు, ఫ్రాంకియా అనే వేరే సూక్ష్మజీవి. నత్రజని పట్టి ఇచ్చే పని మాత్రం అదే. ఇసుకకు పోషకాలను పట్టి ఉంచే శక్తి లేదు. బంకమట్టి లేదు, సేంద్రియ పదార్థం లేదు. వాన పడితే పొటాష్ నేరుగా కిందికి దిగిపోతుంది. అలాంటి చోట తోటకు ఉన్న గిడ్డంగి అంతా ఆ ఆకుల పొర, దాని కింద అల్లుకున్న సన్నవేర్లు మాత్రమే. ఊడ్చేస్తే గిడ్డంగి ఖాళీ అవుతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. జర్మనీలో రైతులు పశువుల పాకల్లో పరచడానికి అడవిలో రాలిన ఆకు తరతరాలుగా ఊడ్చుకుపోయేవారు. చెట్ల పెరుగుదల కుంగిపోతోందని గమనించిన ఎర్న్‌స్ట్ ఎబర్‌మాయర్ బవేరియా అడవుల్లో ఏటా ఎంత ఆకు రాలుతుందో తూకం వేయించి, అందులోని ఖనిజాలు కొలిచి 1876లో ప్రచురించాడు. అడవుల పోషక చక్రం మీద పద్ధతిగా కొలిచిన తొలి పని అదే అని చెప్పుకుంటారు. నూట యాభై ఏళ్ల తరువాత మీ తీరంలో అదే జరుగుతోంది, పాకకు బదులు పొయ్యి, బట్టీ.

ఊడ్చడం పూర్తిగా ఆపమని పేదవాళ్లకు చెప్పే హక్కు నాకు లేదు. బట్టీకి అమ్మడం మాత్రం వేరే సంగతి. ఆ డబ్బు తోట యజమాని చేతికి వస్తోంది, నష్టం కూడా ఆయనకే.

కర్రవ్యాపారి (భద్రాద్రి కొత్తగూడెం)

అయ్యా, అందరూ పుస్తకాల మాటలు మాట్లాడుతున్నారు, కోయించేది మేము. కుప్పలు వేసి ఎందుకు కాలుస్తామో వినండి. లారీ లోపలికి రావాలి. చిల్ల పరిచి ఉంటే టైరు దిగబడినా కనబడదు, కూలీల కాళ్లకు గుచ్చుకుంటుంది, పాములు. తరువాత రైతే వచ్చి పొలం శుభ్రంగా అప్పగించమంటాడు. వేసవిలో జామాయిల్ చిల్లకు బీడీ ముక్క తగిలితే చాలు, పక్క తోట కూడా పోతుంది. అందుకే ముందే మా చేతులతో మేమే కాల్చేస్తాం.

బెరడు విషయం. చెట్టు నరికిన రోజో మర్నాడో ఒలిస్తే నిలువునా పట్టీలుగా జర్రున ఊడి వస్తుంది. రెండు మూడు రోజులు ఎండితే కర్రకు అతుక్కుపోతుంది, కత్తితో గీకాలి, కూలి రెట్టింపు. వానకాలం కోత అయితే ఒలవడం సులువు, ఎండాకాలం కష్టం. అందుకే కొందరు బెరడుతోనే తోలేస్తారు. ధర తక్కువ వస్తుంది కానీ పని తొందరగా అయిపోతుంది. ఈ మధ్య కొమ్మలు కూడా కాటా వేసి బాయిలర్లకు పంపుతున్నారు. రైతుకు నాలుగు రూపాయలు అదనంగా వస్తున్నాయి కదా, వద్దంటాడా?

లెక్కల మాస్టారు

ఆ నాలుగు రూపాయలు ఎక్కడి నుంచి వస్తున్నాయో పైన లెక్క వేశాను. కొమ్మ, ఆకు, బెరడు అన్నీ పోతే ఎకరానికి 40 కిలోల నత్రజని, దానితో పాటు కాల్షియం, పొటాష్, భాస్వరం. బాయిలర్ వారు ఇచ్చే ధరలో వీటి ఖరీదు తీసేసి ఎంత మిగులుతుందో చూసుకుని అమ్ముకోవాలి.

పాలేరు రైతు

మోడులు చూసి వచ్చాను. ఒక మడి మొత్తం తిరిగాను. ఇంచుమించు ఐదింట ఒకటి చచ్చిపోయి ఉంది. వనశాస్త్రి గారు అడిగినట్లు గమనించాను, చెదురుమదురుగా లేవు. గుంపులుగా ఉన్నాయి. ఆ గుంపులన్నీ పోయినసారి కుప్పలు వేసి కాల్చిన చోట్లే. మట్టి ఇంకా ఇటుక పొడిలా ఎర్రగా గట్టిపడి ఉంది, తవ్వితే బొగ్గు ముక్కలు. మోడు బెరడు ఒక వైపంతా నల్లగా మాడి, వేలుతో నొక్కితే డొల్లగా ఊడి వచ్చింది.

ఒక వింత కూడా ఉంది. ఆ కాలిన చోటు అంచుల్లో బతికిన మోడుల పిలకలు మిగతా తోటకంటే ముదురు ఆకుపచ్చగా, లావుగా ఉన్నాయి. మరి కాల్చడం మంచిదా, చెడ్డదా?

వనశాస్త్రి

మీరు చూసిన రెండూ నిజమే, రెండింటికీ కారణం ఒకటే.

పిలక పుట్టేది మోడు బెరడు కింద నిద్రపోతున్న మొగ్గల నుంచి. కుప్ప నేరుగా మోడు మీద కాలితే ఆ పొర ఉడికిపోతుంది. మోడు చచ్చినట్లే.

అంచుల్లో పచ్చదనం బూడిద వల్ల. కాల్చినప్పుడు సుమారు 200 డిగ్రీలు దాటగానే నత్రజని వాయువుగా మారి పోవడం మొదలవుతుంది. మంట పెద్దదైన కొద్దీ పోయేదీ ఎక్కువ. పొటాష్, కాల్షియం మాత్రం బూడిదలో మిగులుతాయి. తోటంతా పరుచుకోవలసిన పొటాష్, సున్నం ఒక గుండ్రటి చోటికి చేరాయి. ఆ చోటు చుట్టూ ఉన్న పది చెట్లకు పండగ, మిగిలిన తోటకు పస్తు. బూడిదలోని పొటాష్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి మొదటి పెద్ద వానకు అందులో కొంత వాలు వెంట కొట్టుకుపోతుంది కూడా.

ఇంకొక విషయం. చెట్టు తనంతట తాను ఆకు రాల్చేటప్పుడు ఒట్టిగా రాల్చదు. పండుబారే దశలో నత్రజని, భాస్వరంలో దాదాపు సగాన్ని కొమ్మలోకి వెనక్కి లాక్కుని, మిగిలినదాన్ని వదులుతుంది. పండుటాకు పసుపు రంగుకు తిరగడం అంటే అదే. పొటాష్ కూడా కొంత వెనక్కి పోతుంది, కొంత వానకు కడుక్కుపోతుంది. కాల్షియం మాత్రం కదలదు, ఆకుతోనే రాలుతుంది. ఇప్పుడు కోత రోజును ఊహించుకోండి. చెట్టు మీద ఉన్నదంతా పచ్చి ఆకు. వెనక్కి లాక్కునే వ్యవధి దానికి లేదు. కాబట్టి నరికిన చెట్టు ఆకు, మామూలుగా రాలిన ఆకుకంటే టన్నుకు రెట్టింపు నత్రజని మోస్తూ ఉంటుంది. మీరు కాల్చేది ఆ ఆకును.

అడిలైడ్ తెలుగువాడు (దక్షిణ ఆస్ట్రేలియా)

చాలా రోజుల తరువాత వేదికలోకి వచ్చాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. ఇక్కడ మౌంట్ గాంబియర్ చుట్టుపక్కల రేడియేటా పైన్ తోటలు వేల ఎకరాలు. 1966లో కీవ్స్ అనే అటవీ పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టాడు. మొదటి పంట నరికి అదే నేలలో రెండోసారి వేసిన పైన్, మొదటిదానికంటే తక్కువ పెరుగుతోందని. అప్పట్లో అది పెద్ద కలకలం. ఒకే చెట్టు మళ్లీ మళ్లీ వేస్తే నేల విషమైపోతుందని కూడా కొందరు అన్నారు, అచ్చం మీ ఊరి పెద్దల్లాగే.

తరువాత తేలినదేమిటంటే, ఆ ఇసుక నేలల్లో మొదటి పంట నరికాక తుక్కును పెద్ద మంటలు పెట్టి కాల్చేవారు, రెండో పంటలో కలుపు కూడా విపరీతంగా వచ్చేది. తుక్కు కాల్చకుండా నేల మీదే పరిచి, కలుపు అదుపు చేసి, మంచి మొక్కలు వేసి, అవసరమైన చోట ఎరువు ఇచ్చారు. రెండో పంట మొదటిదాన్ని అందుకుంది, చాలాచోట్ల దాటింది కూడా. ఇప్పుడు ఇక్కడ కోత అయిన పొలంలో నడవడమే కష్టం, మోకాలి ఎత్తున తుక్కు. కర్రవ్యాపారి గారి పాముల భయం ఇక్కడా ఉంది, ఇవి మరీ విషపు పాములు!

వనశాస్త్రి

సరైన ఉదాహరణ. ఇదే ప్రశ్నను ఉష్ణదేశాల్లో తేల్చడానికి 1995లో అంతర్జాతీయ అటవీ పరిశోధన సంస్థ సిఫార్ చాలా దేశాల్లో ఒకే పద్ధతిలో ప్రయోగాలు మొదలుపెట్టించింది. బ్రెజిల్, కాంగో, దక్షిణాఫ్రికా, చైనా, ఇండోనేషియా, వియత్నాం, ఆస్ట్రేలియా, మన కేరళ. కేరళలో అటవీ పరిశోధన సంస్థ వారు పున్నల, కాయంపూవం, సూర్యనెల్లి, వట్టవడల్లో జామాయిల్ జాతుల మీద చేశారు. పద్ధతి చాలా సాదా. ఒక మడిలో ఆకు, చిల్ల, పాత చెత్త అన్నీ ఊడ్చి బయట పారేయాలి. ఇంకో మడిలో కర్ర మాత్రం తీసి మిగతాది ఉంచాలి. మరో మడిలో పక్క మడి నుంచి ఊడ్చిన తుక్కు కూడా తెచ్చి వేయాలి. తరువాత చెట్లను కొలుస్తూ పోవాలి.

కాంగో తీరంలోని పేద ఇసుక నేలల్లో తేడా కొట్టొచ్చినట్లు కనబడింది. అన్నీ ఊడ్చిన మడి బాగా వెనుకబడింది, తుక్కు ఎక్కువైన కొద్దీ కర్ర పెరిగింది. సారవంతమైన నేలల్లో అంత తేడా రాలేదు, కొన్నిచోట్ల కలుపు తీయడమే తుక్కుకంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది. అంటే నేల ఎంత పేదదైతే తుక్కు అంత విలువైనది. ఇసుకతిన్నె గారు మొదటి వరుసలో, పాలేరు వారు రెండో వరుసలో, నందిగామ వారు కాస్త వెనుక.

కొత్తమొక్క (బీఎస్సీ అటవీ శాస్త్రం, రెండో ఏడాది)

సార్, ఆకు ఎంత రాలుతుందో ఎలా కొలుస్తారు? మాకు ప్రాజెక్టుగా ఇచ్చారు. చెట్టు నరక్కుండా బరువు చెప్పడం ఎలా?

వనశాస్త్రి

ఆకుకు: చదరపు మీటరు చట్రం, వెదురుదైనా ఇనుప చువ్వదైనా, దానికి దోమతెర సంచిలా కట్టి మోకాలి ఎత్తులో నిలబెట్టండి. నేల మీద పెడితే చెదలు మీకంటే ముందు కొలుస్తాయి. తోటలో ఎక్కడ పెట్టాలో చీట్లు తీసి నిర్ణయించండి, ఆకు బాగా రాలే చోటు చూసి పెట్టకండి. పదిహేను రోజులకొకసారి తీసి ఆకు, పుల్ల, బెరడు, కాయ వేరు చేసి, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర బరువు మారనంతవరకు ఆరబెట్టి తూకం వేయండి. ఏడాది పూర్తిగా చేయాలి. మన దగ్గర ఎండాకాలం మొదట్లో రాలే ఆకు చాలా ఎక్కువ, ఆ నెలలు వదిలేస్తే లెక్క తప్పుతుంది.

చెట్టు బరువుకు: 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసుకోండి. సన్నం, మధ్యరకం, లావు చెట్లు కొన్నింటిని కోసి, కాండం, బెరడు, కొమ్మ, ఆకు వేరువేరుగా తూచి, చుట్టుకొలతకూ బరువుకూ సమీకరణం కట్టాలి. ఆ తరువాత మిగిలిన తోటకు టేపు చాలు. వేరే ప్రాంతపు సమీకరణం తెచ్చి గుడ్డిగా వాడకండి, ముఖ్యంగా పిలక పంటకు. ఒకే మోడు మీద రెండు పిలకలు ఉన్న చెట్టు, ఒంటి చెట్టులా ఉండదు.

లెక్కల మాస్టారు

పిల్లవాడికి నాదీ ఒక మాట. కలప అడితీల్లో చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణిస్తారు. గుండ్రటి దుంగకు అది అసలు ఘనపరిమాణంలో 78న్నర శాతమే ఇస్తుంది, పై (π) విలువలో నాలుగో వంతు అన్నమాట. జీవపదార్థం లెక్కకు ఆ సూత్రం వాడితే ఐదో వంతు చెట్టు మాయమైపోతుంది.

నందిగామ తోట

కార్బన్ క్రెడిట్ల పేరుతో ఎవరో వచ్చి మా ఊళ్లో సంతకాలు అడుగుతున్నారు. మాస్టారు గారి 20 టన్నులకు ఎంత వస్తుంది?

లెక్కల మాస్టారు

20 టన్నుల పొడి కర్రలో కర్బనం 0.47 వంతు, అంటే 9.4 టన్నులు. దాన్ని 44/12తో గుణిస్తే బొగ్గుపులుసు వాయువు 34న్నర టన్నులు.

వనశాస్త్రి

అంకె సరే, కానీ నాలుగేళ్లకు నరికి కాగితం చేసే తోటలో ఆ కర్బనం నిలిచి ఉండదు. నిలబడేది ఏళ్ల తరబడి సగటున తోటలో ఎంత ఉందో అంత, దానికి తోడు నేలలో చేరిన సేంద్రియ కర్బనం. సంతకం పెట్టేముందు వాళ్లు ఏ లెక్క కడుతున్నారో, ఎన్నేళ్లు కోత ఆపమంటున్నారో కాగితం మీద అడగండి.

ఇసుకతిన్నె

ఒక సందేహం. ధర బాగున్నప్పుడు మా వాళ్లు రెండున్నర, మూడేళ్లకే సరుగుడు నరికేస్తున్నారు. నేలకు అది మేలా, కీడా? చిన్న చెట్టు తక్కువే తింటుంది కదా?

వనశాస్త్రి

చెట్టుకు తక్కువ, టన్నుకు ఎక్కువ. సన్న చెట్టులో బెరడు వాటా ఎక్కువ, లేత కర్ర ఎక్కువ. చెట్టు ముదిరి చేవ (నడిమి గట్టి కర్ర) కట్టేటప్పుడు ఆ చేవలోంచి భాస్వరం, పొటాష్‌లను బయటి లేత పొరలోకి తీసుకుంటుంది. ఆ పని మొదలు కాకముందే మీరు కోసేస్తున్నారు. పైగా ఆకలి ఎక్కువగా ఉండే మొదటి రెండేళ్లు ప్రతి కోతకూ మళ్లీ వస్తాయి, రాలిన ఆకుతో కడుపు నింపుకునే ఏళ్లు మాత్రం రావు. పన్నెండేళ్లలో నాలుగేళ్ల కోతలు మూడు తీసిన నేల కంటే, మూడేళ్ల కోతలు నాలుగు తీసిన నేల టన్నుకు ఎక్కువ పోగొట్టుకుంటుంది. ధర మీ చేతిలో లేదు, అది నాకు తెలుసు.

కౌలు రైతు (పల్నాడు)

ఇంతసేపూ చదివాను. ఒక్క మాట. పొలం ఎవరిది? నాది ఐదేళ్ల కౌలు, ఒక కోతతో సరి. నేను చిల్ల పరిచి, బెరడు పరిచి, నేలను బాగుచేసి అప్పగిస్తే ఆ సారం మీద వచ్చే ఏడాది ఇంకెవరో ఎక్కువ కౌలుకు పాడుకుంటారు. బాయిలర్‌కు అమ్మితే నాకు చేతిలో డబ్బు. మీ శాస్త్రం తప్పు అనడం లేదు.

లెక్కల మాస్టారు

అది న్యాయమైన ప్రశ్న. కౌలు కాగితంలో చిల్ల, బెరడు ఎవరివో రాసుకున్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. యజమాని అవి పొలంలోనే ఉండాలంటే ఆ మేరకు కౌలు తగ్గించాలి. ఎంత తగ్గించాలో పైన రెండు బస్తాల లెక్క ఉంది, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వేదిక నిర్వాహకుడు

కౌలు చట్టం గురించి వచ్చిన మరికొన్ని సందేశాలను వేరే శీర్షిక కిందికి మార్చాను. ఇక్కడ తోట, నేల వరకే ఉంచండి.

పాలేరు రైతు

నేను రెండు పనులు అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి. ఒకటి, ఈ మోడులు తీసేసి కొత్త క్లోన్లు వేయడం. రెండు, ఈ కోత తుక్కును కాల్చకుండా ఉంచడం. అయితే మొక్కలు నాటాలంటే తుక్కు అడ్డం కాదా? చెదలు పట్టవా? నిప్పు భయం సంగతి?

వనశాస్త్రి

ఐదింట నాలుగు మోడులు బతికి ఉన్నా, మూడో కోత అయిపోయిన మోడులు కాబట్టి మార్చడం సబబే. తుక్కును సాలు విడిచి సాలులో పొడవునా పరచండి, కుప్పలుగా వద్దు. ఖాళీ సాలులో ట్రాక్టరు తిరుగుతుంది, అదే నిప్పుకు అడ్డుకట్ట కూడా. గట్టు వెంట నాలుగైదు మీటర్లు పూర్తిగా శుభ్రంగా ఉంచండి. లావు కొమ్మలు వంటచెరకుకు పోనివ్వండి, వాటిలో పోషకాలు తక్కువ. ఆకు, వేలు లావు లోపు చిల్ల, బెరడు మాత్రం కదలనివ్వకండి. తొలకరికి ముందు ఒకసారి రోటవేటర్ తిప్పితే ముక్కలై తొందరగా నేలలో కలుస్తుంది.

ఒక హెచ్చరిక. పుల్ల, బెరడు కుళ్లేటప్పుడు మొదటి నెలల్లో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే తీసుకుంటాయి. కొత్త మొక్క ఆకు పాలిపోతే కంగారు పడకండి. మొక్కకు కొంచెం నత్రజని, భాస్వరం వేరు దగ్గర ఇవ్వండి. పొటాష్ తుక్కు నుంచి మొదటి వానలకే దిగుతుంది. చిగురు కొనలు ఎండిపోతుంటే అది బోరాన్ లోపం కావచ్చు, నేల పరీక్షలో దాన్ని కూడా అడగండి. పరీక్షకు మట్టి తీసేటప్పుడు ఆ కాలిన చోట్ల మట్టిని కలపకండి, వేరేగా పంపండి. కలిపితే తోటంతా పొటాష్ దండిగా ఉన్నట్లు కాగితం వస్తుంది.

చెదల భయం నిజమే. నాటిన మొక్క మొదలు చుట్టూ జానెడు మేర తుక్కు లేకుండా చూసుకోండి.

కర్రవ్యాపారి

సరే, మా వైపు నుంచి చెబుతాను. సాళ్లలో పరచడం మా కూలీలకు కొత్త పని, కుప్ప వేయడం కంటే ఎక్కువసేపు పడుతుంది. బెరడు నరికిన చోటే ఒలవాలంటే నరికేవాళ్లు, ఒలిచేవాళ్లు ఒకే రోజు కావాలి, ముఠా పెద్దదవుతుంది. చేయవచ్చు. ఆ అదనపు కూలి ఎవరిది?

పాలేరు రైతు

సాళ్లలో సర్దే కూలి నాది. ఒలిచే కూలి మీది, ఒలిచిన కర్రకు మిల్లు ఎక్కువ ధర ఇస్తోంది కదా. కోత వానలు మొదలయ్యాక పెట్టుకుందాం, బెరడు సులువుగా ఊడుతుందని మీరే రాశారు.

కర్రవ్యాపారి

వానల్లో మీ చల్కలోకి లారీ దిగితే మళ్లీ పైకి రాదు. రెండు మంచి వానలు పడి, వారం తెరిపి ఇచ్చాక ఫోను చేయండి, వచ్చి చూస్తాను.